తిరుపతి నీరు: కండలేరుకూ పేరూరుకూ మధ్య

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను తిరుపతి, నెల్లూరు జిల్లాలను ముంచెత్తింది. వంకలు పొంగాయి, చెరువులు మొరవ (అలుగు) పారాయి. ఎనిమిది నెలలు తిరిగేసరికి, 2024 ఆగస్టులో, నీటిని పొదుపుగా వాడమని భక్తులకూ స్థానికులకూ తిరుమల తిరుపతి దేవస్థానం విజ్ఞప్తి చేయాల్సి వచ్చింది. తిరుమలకు రోజుకు 43 లక్షల గ్యాలన్లు కావాలని, అందులో 18 లక్షలు కొండమీది జలాశయాల నుంచి, మిగిలింది కింద ఉన్న కల్యాణి డ్యామ్ నుంచి వస్తున్నాయని, ఉన్న నిల్వ మరో నాలుగు నెలల పైచిలుకుకే సరిపోతుందని అప్పట్లో ప్రకటించింది. 43 లక్షల గ్యాలన్లంటే సుమారు రెండు కోట్ల లీటర్లు. ఇది కొండమీది అవసరం మాత్రమే. కింద ఉన్న నగరం లెక్క వేరు.

వానలే పడని సీమలో నీటి కరువు వస్తే అర్థం చేసుకోవచ్చు. తిరుపతి పరిస్థితి అది కాదు. ఏడాదికి సగటున 900 మిల్లీమీటర్ల దాకా వాన చూసే ప్రాంతం ఇది. అనంతపురంతో పోలిస్తే ఎంతో మెరుగు. అయినా వేసవి వచ్చిందంటే ట్యాంకర్లు వీధుల్లోకి వస్తాయి, కొత్త కాలనీల్లో బోర్ల బండ్ల మోత మొదలవుతుంది. వరదకూ ఎద్దడికీ మధ్య ఇంత తక్కువ ఎడం ఎందుకుందో తెలిస్తే, ఈ నగరం నీటి కోసం ముందు ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది.

వాన పడే తీరు

తిరుపతికి అసలైన వానకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నడిచే ఈశాన్య రుతుపవనాలది. నైరుతిలో కొన్ని జల్లులు పడతాయి, జూన్‌ నుంచి సెప్టెంబరు వరకు కొంత నీరు వస్తుంది గానీ, చెరువు నిండేదీ నది పారేదీ బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడే. ఏడాదికి కావాల్సిన నీటిలో ముఖ్యమైన వాటా కొద్ది రోజుల్లో, ఒక్కోసారి రెండు మూడు తుపానుల్లో, కుంభవృష్టిగా దిగిపోతుంది. ఏ ఏడాదైనా వాయుగుండాలు ఉత్తరానికి మళ్లితే ఆ కొద్ది రోజులూ ఉండవు.

2021 నవంబరు 18, 19 తేదీల్లో ఈ తీరు భయంకరంగా కనిపించింది. కపిలతీర్థం దగ్గర కొండ మీదనుంచి నీరు ఉగ్రంగా దూకింది, నగర వీధులు కాలువలయ్యాయి, స్వర్ణముఖి ఒడ్డు దాటింది. ఆ తర్వాత కొద్ది రోజులకే రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడే ప్రమాదం వచ్చి కింది గ్రామాలను ఖాళీ చేయించారు. అదే సమయంలో శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి భూగర్భ తొట్టి, సిమెంటు ఉంగరాలతో కట్టినది, శుభ్రం చేయడానికి ఖాళీ చేస్తుండగా నేల చీల్చుకుని పైకి లేచింది. జనం వింతగా చూశారు, రకరకాలుగా చెప్పుకున్నారు. జరిగింది మాత్రం తేలికగా అర్థమయ్యే విషయమే. చుట్టూ ఉన్న నేల నీటితో పూర్తిగా నిండి ఉంది, ఖాళీ అయిన తొట్టి తేలికపడింది, దాని కింది నీటి ఒత్తిడి దాన్ని పైకి నెట్టింది.

ఆ సంఘటన చెప్పే మరో సంగతిని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. సరైన వాన పడితే తిరుపతి నేల అంచుదాకా నిండగలదు. నాలుగు నెలల తర్వాత అదే నేలలో బోర్లు బుసలు కొడుతుంటే, ఆ నీరంతా ఎటు పోయిందన్నది నగర పాలకులు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న.

రాయి చెప్పే లెక్క

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండ కోసుకుపోయిన చోట రెండు రకాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చుని కనిపిస్తాయి. పైన శేషాచలం క్వార్ట్‌జైట్, కింద దానికంటే కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైట్. రెండు పొరల మధ్య ఉన్న ఈ కాలపు ఎడాన్ని భూవిజ్ఞానులు ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటు ఇది. బస్సులో కొండ ఎక్కే లక్షలాది మందికి ఇదొక రాతి గోడ. నీటి కోసం వెతికేవారికి మాత్రం ఇది తిరుపతి నీటి కథకు మొదటి పుట.

పైనున్న క్వార్ట్‌జైట్‌లో పగుళ్లు, నెరియలు చాలా ఎక్కువ. అడవి కప్పిన ఆ కొండమీద పడ్డ వాన పగుళ్లలోకి దిగి, నెమ్మదిగా జారి, గుండాలుగా, తీర్థాలుగా, ఊటలుగా బయటికి వస్తుంది. ఆకాశగంగ, పాపవినాశనం, గోగర్భం, కుమారధార, పసుపుధార జలాశయాలన్నీ ఈ కొండ ఇచ్చే నీటి మీద కట్టుకున్నవే. కింద నగరం నిలబడ్డ గ్రానైట్ స్వభావం అందుకు భిన్నం. గట్టి గ్రానైట్‌లో నీరు నిలిచే చోటే ఉండదు. పైన పదిహేను ఇరవై మీటర్ల మందంలో వాతావరణానికి చివికిన పొర ఒకటి ఉంటుంది, దాని కింద అక్కడక్కడ పగుళ్లు ఉంటాయి. ఊరి నీటి డబ్బా అంటే ఆ పై పొరే. పాతకాలపు ఊటబావులు దాన్నే నమ్ముకున్నాయి. వెయ్యి అడుగుల బోరు వేసేవారు పగులు దొరుకుతుందన్న ఆశతో వేస్తారు. దొరికితే కొన్నేళ్లు నీరు వస్తుంది, దొరకకపోతే లక్షల రూపాయలు రాతి పొడిగా బయటికి వస్తాయి. దొరికిన ఆ నీరు కూడా పై పొర నుంచి ఏళ్ల తరబడి దిగిందే. పై పొర నింపకుండా కింది పగుళ్లను తోడుతూ పోతే ఎంత లోతుకు దిగినా ఫలితం ఒకటే.

ఇక స్వర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి కనిపించే ఈ నదికి నీరు ఇసుకలో ఉంటుంది. ఇసుక మేటలు వరద నీటిని పట్టి ఉంచి ఒడ్డు గ్రామాల బావులకు నెలల తరబడి అందిస్తాయి. నది అడుగున, ఇసుక కింద అడ్డుగోడలు కట్టి ఆ నీటిని ఆపే ప్రయత్నాలు కూడా ఈ ప్రాంతంలో జరిగాయి. ఆ ఇసుకను లారీలకెత్తితే ఎండకు ఆవిరి కాని, భూసేకరణ అవసరం లేని ఒక జలాశయాన్ని తవ్వి అమ్ముకున్నట్టే. నగర నిర్మాణానికి ఇసుక కావాలి, నిజమే. ఆ భవనాల్లో ఉండబోయేవారికి నీరు కూడా కావాలి కదా.

దూరపు నీరు

దగ్గరి నీరు చాలకపోవడంతో తిరుపతి దూరపు నీటి వైపు చూసింది. మొదటి అడుగు కల్యాణి డ్యామ్. చంద్రగిరి మండలంలో స్వర్ణముఖి ఉపనది కల్యాణి మీద 1977లో కట్టిన ఈ జలాశయం కొండకూ ఊరికీ ఉమ్మడి తొట్టి. దీని సామర్థ్యం ఒక టీఎంసీ కూడా ఉండదు. ఈశాన్యం ముఖం చాటేసిన ఏడాది అది నిండదు.

రెండో అడుగు చాలా పెద్దది. మద్రాసు నగర దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాల నుంచి తలా 5 టీఎంసీలు, మొత్తం 15 టీఎంసీలు ఇచ్చేలా 1976లో ఒప్పందం కుదిరింది. 1983లో ఎన్.టి. రామారావు, ఎం.జి. రామచంద్రన్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒడంబడికతో తెలుగుగంగ రూపు కట్టింది. శ్రీశైలం నుంచి బయలుదేరిన నీరు వెలుగోడు మీదుగా పెన్నా బేసిన్‌కు వచ్చి, సోమశిల దాటి, నెల్లూరు జిల్లాలోని కండలేరు జలాశయం చేరి, అక్కడి నుంచి 152 కిలోమీటర్ల కాలువలో చెన్నైకి నీరిచ్చే పూండి జలాశయం వైపు సాగుతుంది. 1996లో తొలిసారి తమిళనాడు సరిహద్దు దాటింది. ఆ కాలువ శ్రీకాళహస్తి ప్రాంతం మీదుగా పోతుంది కాబట్టి తిరుపతి కూడా అందులో పాలు పంచుకుంది. అక్కడ ఎత్తిపోసిన నీరు మంగళం శుద్ధి కేంద్రం దాకా వచ్చి నగరపు కుళాయిల్లోకి పోతోంది. తెలుగుగంగ లేకుంటే గడచిన పాతికేళ్లలో తిరుపతి ఇంతగా పెరిగేది కాదు. ఆ మేలును తక్కువ చేయకూడదు.

అయితే ఆ నీరు తిరుపతి కుళాయికి చేరాలంటే ఎన్ని జరగాలో ఒకసారి వరసగా చూడాలి. మహారాష్ట్ర, కర్ణాటకల్లో వాన పడాలి. ఎగువ ఆనకట్టలు నిండాక శ్రీశైలానికి వరద రావాలి. రాయలసీమ సాగుకూ నెల్లూరు డెల్టాకూ చెన్నై దాహానికీ పంపకాలు కుదరాలి. సోమశిలలో, కండలేరులో మట్టం తగినంత ఉండాలి. పంపులకు కరెంటు ఉండాలి. ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తెగినా చివర్లో ఉన్న ఊరికే మొదట తగులుతుంది. కరువు సాధారణంగా ఒక్క జిల్లాకు రాదు, వస్తే దక్షిణాది అంతటికీ వస్తుంది. 2019 వేసవిలో చెన్నై జలాశయాలు అడుగంటి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీరు మోసుకున్న సంగతి మరవలేం. అలాంటి వేసవిలో ఒకే కాలువ మీద రెండు నగరాలు ఆధారపడితే పెద్ద నగరం గొంతే ముందు వినిపిస్తుంది.

కొండకు ఎత్తే నీటి ఖర్చు మరొక లెక్క. కల్యాణి నుంచి తిరుమలకు దాదాపు ఆరు వందల మీటర్ల ఎత్తు. వెయ్యి లీటర్లను అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం ప్రకారమే ఒకటిన్నర యూనిట్లకు మించి కరెంటు కావాలి. పంపుల నష్టాలు, పైపుల్లో ఘర్షణ కలుపుకొంటే రెండున్నర దాకా పోతుంది. కొండ అవసరంలో సగానికి పైగా కింద నుంచే ఎక్కుతుంటే రోజుకు పాతిక వేల యూనిట్ల పైమాటే. అక్కడ సత్రం గదిలో వదిలేసిన కుళాయి నుంచి కారేది అంత ఎత్తుకు మోసిన నీరు.

పేరూరు, అవిలాల

తిరుపతికి దగ్గరి నీటి దారి చూపించిన పత్రం ఒకటుంది. అది ఇంజినీర్ల నివేదికో, మాస్టర్ ప్లానో కాదు, 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. నగర శివార్లలోని పేరూరు, అవిలాల చెరువుల భూములను 1990ల తొలి సగంలో ప్రభుత్వం ఇళ్ల నిర్మాణం కోసం తిరుపతి నగరాభివృద్ధి సంస్థకు, గృహనిర్మాణ మండలికి కేటాయించింది. కొంత భూమి దేవస్థానానికి వెళ్లింది. చెరువులు ఎలాగూ ఎండిపోయాయి, వాడుకలో లేవు అన్నది ప్రభుత్వ వాదన. తిరుపతి ఇంటెలెక్చువల్స్ ఫోరం దీనిపై న్యాయస్థానానికెక్కింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

చెరువు వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదని, ప్రజల తరఫున ధర్మకర్త మాత్రమేనని ఆ తీర్పు స్పష్టం చేసింది. దేశంలో నీటి వనరుల కేసులు ఎక్కడ నడిచినా ఇప్పటికీ ఈ తీర్పును ఉదహరిస్తారు. అప్పటికే ఇళ్లు లేచిపోయినందున వాటిని కూల్చమనలేదు. ఇక మీదట ఏం చేయాలో మాత్రం వివరంగా చెప్పింది. తిరుపతివాసులు చదవాల్సింది సిద్ధాంత చర్చకంటే ఆ చివరి పుటల్నే.

పేరూరు చెరువులో కొత్త కట్టడాలు వద్దంది. చెరువుకు నీరు తెచ్చే బోడెద్దుల వంకను శుభ్రం చేసి మళ్లీ పారించమంది. కొండ దిగువన ఉన్న అనుకూలతను వాడుకుని కనీసం యాభై ఎకరాల్లో ఇంకుడు చెరువు కట్టి, ఇరవై మీటర్ల లోతు వరకు ఎండిన పొరలు నిండేలా రీఛార్జి షాఫ్టులు, అంటే నీటిని నేలలోకి దించే నిలువు గుంతలు, దించమంది. స్వర్ణముఖి నుంచి వచ్చే పాత కాలువను పునరుద్ధరించడం సాధ్యమో కాదో, ఖర్చెంతో చూడమంది. కట్టిన ప్రతి ఇంటికీ పైకప్పు వాననీటి ఏర్పాటు ఉండాలంది. అక్కడ ఏ అవసరానికైనా బోరు వేయడాన్ని నిషేధించింది. అవిలాలలో వీధుల్లో పారే వాననీటినంతా నేలలోకి ఇంకించమంది. మిగిలిన నలభై ఎకరాలను సిమెంటుతో కప్పే పని ఏదీ చేయకూడదంది. రెండు చోట్లా పీజోమీటర్లు, అంటే నేలలో నీటి మట్టాన్ని కొలిచే గొట్టాలు, పెట్టి ఫలితం ఎలా ఉందో గమనించమంది. వీటి రూపకల్పనలో కేంద్ర భూగర్భ జల మండలిని సంప్రదించమంది.

ఇరవై మీటర్ల లోతు అన్న మాట దగ్గర ఆగి చూడాలి. పైన చెప్పుకున్న చివికిన గ్రానైట్ పొర మందం దాదాపు అదే. వాననీటిని ఊరి నీటి డబ్బాలోకి నేరుగా పోయడమే ఆ ఆదేశం సారాంశం. కొండ దిగువన వంకను ఆపు, చెరువులో నింపు, షాఫ్టులతో దించు, బోర్లను అదుపు చెయ్యి, మట్టాన్ని కొలువు. పెరుగుతున్న ఏ నగరానికైనా నీటి ప్రణాళిక ఇంతకంటే క్లుప్తంగా రాయడం కష్టం. రెండు చెరువులకు చెప్పిన ఈ పద్ధతిని నగరం మొత్తానికి వర్తింపజేస్తే సరిపోయేది. కొత్తగా కనిపెట్టాల్సింది పెద్దగా ఏమీ లేదు.

చెరువు ఎండిందంటే చచ్చిందని కాదు. దానికి నీరు తెచ్చే వంక మూసుకుపోయిందని అర్థం. రాయలసీమ చెరువులు విడివిడి గుంతలు కావు. పై చెరువు మొరవ నీరు కింది చెరువుకు, దాని మొరవ మరో చెరువుకు, చివరికి స్వర్ణముఖికి చేరేలా కట్టిన గొలుసులు. పై వంక మీద లేఅవుట్ వేస్తే కింది చెరువు తానే ఎండుతుంది. ఎండిన చెరువును వాడుకలో లేదని రాసి పట్టాలిస్తారు. ఆపై వాయుగుండం పట్టిన రాత్రి పాత దారి వెతుక్కుంటూ వచ్చిన నీరు ఆ పట్టా భూముల్లోని ఇళ్లలో నిలుస్తుంది. అప్పుడు డ్రైనేజీ సరిగా లేదని అందరూ తిట్టుకుంటారు. వరద నివారణనూ నీటి సరఫరానూ వేర్వేరు విభాగాలు వేర్వేరు నిధులతో చూస్తున్నంత కాలం ఈ చక్రం ఇలాగే తిరుగుతుంది. తిరుపతిలో ఆ రెండూ ఒకే పని.

నగరం గీత దాటింది

తిరుపతి 1886లో పురపాలక సంఘమైంది, 2007లో నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లో నగరంలో 2.87 లక్షల మంది ఉంటే, చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్లతో కూడిన పట్టణ సముదాయం 4.6 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య తేడాలోనే చాలా కష్టం దాగి ఉంది. ఊరు పెరిగింది పాత గీత బయట, పంచాయతీల్లో. అక్కడికి అపార్టుమెంట్లు ముందు చేరాయి, ప్రైవేటు హాస్టళ్లు చేరాయి, పెద్ద పైపు మాత్రం చివర్న వస్తుంది. వచ్చేదాకా బోరే దిక్కు. బోరు ఎండితే ట్యాంకర్ దిక్కు. ట్యాంకర్ నీరు ఆకాశం నుంచి రాదు. పక్క గ్రామపు పొలంలో వేసిన వ్యవసాయ బోరు నుంచి వస్తుంది. వేరుశనగో చెరకో పండించే రైతుకు పంటకంటే నీరు అమ్మితేనే నాలుగు రూపాయలు ఎక్కువ మిగిలితే అతన్ని తప్పు పట్టలేం. కానీ అతని బోరుతో పాటు పక్క రైతు బావి కూడా ఎండుతుంది, ఆ రైతు అడక్కపోయినా.

బోర్ల నమోదు, బావుల మధ్య దూరం, వాననీటి సేకరణ వంటి విషయాల మీద రాష్ట్రంలో 2002 నుంచే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. భవన నిర్మాణ అనుమతి కాగితాల్లో ఇంకుడు గుంత గీత కూడా ఉంటుంది. గీసిన గుంత తవ్వారా, తవ్వింది పూడిపోయిందా అన్నది చూసే మనిషి ఉండడు. పైకప్పు నీటి విలువ తక్కువేమీ కాదు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఏడాదికి 900 మిల్లీమీటర్ల వాన పడితే 90 వేల లీటర్లు. ఐదో వంతు వృథా తీసేసినా 72 వేలు. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురున్న ఇంటికి నాలుగు నెలల పైన సరిపోయే నీరు. ఇదంతా తొట్టిలో దాచుకోవడం కుదరదు, ఎందుకంటే వాన కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది. నేలలో దాచుకోవచ్చు. మిద్దె గొట్టాన్ని ఎండిన బోరు పక్కన తీసిన వడపోత గుంతలోకి కలిపితే చాలు. మురుగు కాలువలోకి కలిపితే అదే నీరు వీధి వరదవుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2003లో దీన్ని చెన్నై సహా రాష్ట్రంలోని ప్రతి భవనానికీ తప్పనిసరి చేసింది. అక్కడ కూడా నిర్వహణ సడలినచోట ఫలితం సడలింది.

యాత్రికుల ఊరు, మీటరు లేని కుళాయి

తిరుపతి జనాభా రోజుకో రకంగా ఉంటుంది. సాధారణ రోజుల్లోనే అరవై డెబ్బై వేల మంది శ్రీవారిని దర్శించుకుంటారు. వారాంతాల్లో, సెలవుల్లో, బ్రహ్మోత్సవాల్లో ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. వాళ్లలో అత్యధికులు కింద నగరంలో ఎక్కడో ఒకచోట స్నానం చేస్తారు, బట్టలు ఉతుక్కుంటారు, తింటారు. కేంద్ర ప్రభుత్వ నీటి సరఫరా ప్రమాణాల్లో మామూలు నగరవాసికి 135 లీటర్లయితే లాడ్జి మంచానికి 180 లీటర్లు. బస్టాండు నుంచి గోవిందరాజస్వామి ఆలయం దాకా ఉన్న వీధుల్లో ఎన్ని మంచాలున్నాయో లెక్కపెడితే నీటి అవసరం ఎక్కడ గుమిగూడి ఉందో తెలుస్తుంది. ఆ కాస్త మేరలో వాడకం తగ్గిస్తే కాలనీలకు కాలనీలు గట్టెక్కుతాయి. కుళాయిలకు వేగం తగ్గించే మూతులు, చిన్న ఫ్లష్ తొట్లు, ప్రతి లాడ్జికీ మీటరు పెట్టడానికి పెద్ద శాస్త్రమేమీ అక్కర్లేదు.

నీటిని గంటల లెక్కన వదిలే పద్ధతి గురించి కూడా చెప్పాలి. పైపులో నీరున్నప్పుడు ప్రతి ఇల్లూ మోటారు వేసి లాగుతుంది. లేనప్పుడు పైపు ఖాళీ అవుతుంది, లోపల ఒత్తిడి పడిపోతుంది, అతుకుల సందుల్లోంచి పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. మరుసటి పూట మొదటి బిందె రంగు మారి ఉండడానికి కారణం అదే. అప్పుడు జనం క్యాన్ నీళ్లు కొంటారు. ఆ క్యాన్ నింపే ఆర్‌ఓ ప్లాంటు ప్రతి బిందె మంచినీటికీ దగ్గర దగ్గర మరో బిందెడు ఉప్పునీటిని కాలువలోకి వదులుతుంది. మూలంలో అది కూడా బోరు నీరే.

ఒడిశాలోని పూరీ ఈ విషయంలో కళ్ల ముందున్న ఉదాహరణ. అదీ దేవుడి ఊరే, జనాభా రెండున్నర లక్షలు, ఏటా వచ్చే యాత్రికులు కోట్లలో. 2021 జులై నుంచి అక్కడ కుళాయి నీరు నేరుగా తాగేంత శుభ్రంగా, రోజంతా వస్తోంది. రోజంతా నీరిస్తే వృథా పెరుగుతుందని చాలామంది భయపడతారు. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే ఇంట్లో మోటారు అక్కర్లేదు, దాచుకుని మర్నాడు పారబోయడం ఉండదు, లీకు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. అక్కడ ఇంటింటికీ మీటర్లు పెట్టారు. జలసాథులన్న పేరుతో స్వయం సహాయక సంఘాల మహిళలు రీడింగు తీస్తారు, బిల్లులు వసూలు చేస్తారు, నీటి నాణ్యత పరీక్షిస్తారు. పొదుపు సంఘాల ఉద్యమంలో దేశానికే దారి చూపిన తెలుగు నేలలో ఆ పని చేయగలిగిన మహిళలు వాడవాడలా ఉన్నారు. మీటరంటే పేదల మీద భారమన్న అనుమానం తీరాలంటే కనీస వాడకం మేరకు నామమాత్రపు ధర ఉంచి, దాటిన కొద్దీ పెంచాలి. ఇప్పటి పద్ధతిలో ట్యాంకర్‌కు ఎక్కువ ధర కడుతున్నది పైపు చేరని శివారు పేదే.

రెండోసారి వాడే నీరు

ఇంటికిచ్చిన నీటిలో ఎనభై శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. అంటే తెలుగుగంగ నుంచి ఎత్తి తెచ్చిన నీటిలో ఐదింట నాలుగు వంతులు ఊరి చివర తూకివాకం మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లీ పోతున్నాయి. వాన పడినా పడకపోయినా రోజూ వచ్చే నది అదొక్కటే. రేణిగుంట, ఏర్పేడు, శ్రీకాళహస్తి మధ్య పరిశ్రమలు పెరుగుతున్నాయి. వాటికి తాగునీటి నాణ్యత అక్కర్లేదు. చెన్నైలో పరిశ్రమలు శుద్ధి చేసిన మురుగునీటిని దశాబ్దాలుగా కొంటున్నాయి. ఒక పరిశ్రమ ఆ నీరు తీసుకుంటే అంత మేర కండలేరు నీరు ఇళ్లకు మిగులుతుంది.

చెరువులకు పంపడం మరో దారి. చిత్తూరు జిల్లాకు ఆనుకుని ఉన్న కోలారులో 2018 నుంచి బెంగళూరు శుద్ధి నీటితో ఎండిన చెరువులు నింపుతున్నారు. అక్కడ నీటిమట్టాలు పెరిగాయని రైతులు సంతోషించారు, శుద్ధి చాలడం లేదని, నురగ కనిపించిందని అభ్యంతరాలూ వచ్చాయి. రెండూ గమనించాలి. ఒకసారి నేలలోకి దిగిన కాలుష్యాన్ని బయటికి తీయడం అసాధ్యం. కాబట్టి తాగునీటి బావులున్న పేరూరు వంటి చోట్లకు వాననీరు, పరిశ్రమలకూ తోటలకూ శుద్ధి నీరు అన్న విభజన ఖచ్చితంగా పాటించాలి.

చిత్తూరు సంగతి

తిరుపతికి కనీసం కొండ ఉంది, తెలుగుగంగ ఉంది. చిత్తూరు నగరానికి నీవా నది ఉంది గానీ అది పారే రోజులు తక్కువ. అక్కడి జనం దశాబ్దాలుగా బోర్ల మీద, ట్యాంకర్ల మీద బతుకుతున్నారు. శ్రీశైలం వెనుక జలాల నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా ఎత్తిపోతలతో వచ్చే హంద్రీ-నీవా జిల్లా పడమటి భాగానికి ఆశ. 2025లో కుప్పం దాకా నీరు పారింది. గాలేరు-నగరి రెండో దశ మాత్రం ఏళ్ల తరబడి నత్తనడకనే సాగుతోంది. అవి రావాలి, వాటికోసం పోరాడాలి. అయితే వచ్చిన నీటిని నిలుపుకునే చెరువు పూడికతో, కంపచెట్లతో నిండి ఉంటే, అంత దూరం నుంచి అన్ని మెట్లు ఎక్కించిన నీరు మొదటి వేసవికే ఆవిరైపోతుంది.

అక్టోబరు లోపు

తిరుపతి నీటి సంవత్సరం అక్టోబరు ఒకటిన మొదలవుతుందనుకుంటే పనుల వరస దానంతటదే తేలుతుంది. కొండ దిగువ నుంచి స్వర్ణముఖి దాకా ఉన్న ప్రతి వంకకూ గ్రామ పటాల్లో గీతలున్నాయి. రెవెన్యూ కార్యాలయాల్లో ఆ పటాలు భద్రంగానే ఉన్నాయి. లేఅవుట్ అనుమతికి ముందు రోడ్ల కంటే ముందుగా ఆ గీతలు ప్లాను మీదకు ఎక్కాలి. జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వంకల పూడిక తీయాలి, మొరవలు సరిచేయాలి, ఇంకుడు షాఫ్టుల ఒండ్రు తీయాలి. ఈ పనులకు టెండర్లు నవంబరులో పిలిస్తే వాన వెళ్లిపోయాక పూర్తవుతాయి.

కొండమీది నీటిని దేవస్థానం, నగర నీటిని నగరపాలక సంస్థ, శివార్లను పంచాయతీలు, చెరువులను జలవనరుల శాఖ, నేలలోని నీటిని భూగర్భ జల శాఖ విడివిడిగా చూస్తున్నాయి. వాన ఈ సరిహద్దులు చూసి పడదు. కొండమీద పడిన చినుకే వంకగా, చెరువుగా, బావిగా, కుళాయిగా మారుతోంది. వీరందరి లెక్కలూ నెలకొకసారి ఒకే బల్ల మీదకు, ఒకే కాగితం మీదకు రావాలి. కల్యాణిలో మట్టమెంత, కొండమీది ఐదు జలాశయాల్లో నిల్వ ఎంత, తెలుగుగంగ నుంచి ఎన్ని లీటర్లు ఎత్తాం, అందులో బిల్లు అయిందెంత, దారిలో పోయిందెంత, పేరూరు, అవిలాల సహా ప్రతి డివిజన్‌లో నేల కింద నీరు ఎన్ని మీటర్ల లోతులో ఉంది. ఈ అంకెలు దర్శన సమయాల పక్కనే, టీవీ తెరల మీద, వార్డు సచివాలయాల గోడల మీద కనిపించాలి. ఫిబ్రవరిలో పీజోమీటరు పడిపోతున్నట్టు కనిపిస్తే లాడ్జీలకు కోత ఫిబ్రవరిలోనే మొదలుపెట్టవచ్చు. ఆగస్టు దాకా ఆగి విజ్ఞప్తి చేయాల్సిన అవసరం రాదు.